చార్లెస్ టేలర్ కథ చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

2000 మే నెలలో మా నాన్న ఎల్‌ఐసీ డైరీ వెనక ఉండే ప్రపంచ పటం తెరిచి, భూతద్దం పెట్టి సియెర్రా లియోన్ కోసం వెతికారు. మా తమ్ముడు సైన్యంలో డ్రైవరు. ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో భాగంగా అక్కడి డారు క్యాంపుకి వెళ్లి అప్పటికి కొన్ని నెలలే అయింది. ఆర్‌యూఎఫ్ అనే తిరుగుబాటు దళం వందలమంది శాంతి సైనికుల్ని బందీలుగా పట్టుకుందని, కైలాహున్‌లో మన గూర్ఖా సైనికుల్ని చుట్టుముట్టిందని వార్తల్లో విన్నాం. అమ్మ రెండు నెలలపాటు ఫోను పక్కనే పడుకుంది. జులై మధ్యలో ఆపరేషన్ ఖుక్రీ పేరుతో మనవాళ్లు ఆ చుట్టుముట్టుని ఛేదించుకుని బయటపడ్డాక గానీ మా ఇంట్లో టెన్షన్ తగ్గలేదు.

తమ్ముడు తిరిగొచ్చాక ఒక రాత్రి భోజనాల దగ్గర ఒక మాటన్నాడు. "అక్కా, మా క్యాంపు ముందు రోడ్డు పట్టుకుని తూర్పుకి పోతే లైబీరియా వస్తుంది. వీళ్లకి తుపాకులు అటునుంచే వస్తాయి, ఇక్కడి వజ్రాలు అటే పోతాయి. అక్కడి ఊళ్లో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు." అప్పుడు లైబీరియా అధ్యక్షుడు చార్లెస్ టేలర్. ఆ ఊళ్లో పిల్లలకు తెలిసిన సంగతి కోర్టులో రుజువు కావడానికి 2012 దాకా పట్టింది.

నేను డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ కథ ఏటా క్లాసులో చెప్పాను. మొదట్లో తప్పుగా చెప్పాను, తర్వాత మెల్లగా పద్ధతి దొరికింది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లూ, క్లాసులో చెప్పాల్సినవాళ్లూ, అసలు ఒక దేశం ఇలా ఎలా అవుతుందని తెలుసుకోవాలనుకునేవాళ్లూ ఎవరైనా వాడుకోవచ్చని రాస్తున్నాను. రోజుకు గంట చొప్పున వారం చాలు.

ముందు ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. అడ్డంగా తిప్పి నాలుగు గళ్లు గీయండి. మొదటిది తేదీ. రెండోది ఏం జరిగింది. మూడోది ఎవరు తలుపు తీశారు. నాలుగోది ఆ బరువు ఎవరు మోశారు. మొదటి రెండూ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి, మీరు కష్టపడాల్సింది మూడోదాని కోసం. ఈ మనిషి ఏ ఒక్క మెట్టూ ఒంటరిగా ఎక్కలేదు. ప్రతిచోటా ఎవరో తలుపు తీశారు, లేదా మూయాల్సిన తలుపు మూయకుండా పక్కకు తప్పుకున్నారు. ఆ గడి ఖాళీగా వదిలేస్తే టేలర్ ఒక రాక్షసుడుగా మిగిలిపోతాడు. రాక్షసుడి కథలో మనం నేర్చుకునేదేమీ ఉండదు, భయపడి పుస్తకం మూసేస్తాం.

నోట్‌బుక్ మొదటి పేజీలో పటం గీయండి, ముద్రించింది అంటించొద్దు. పశ్చిమాఫ్రికా తీరంలో లైబీరియా, దాని వాయవ్యాన సియెర్రా లియోన్, ఉత్తరాన గినీ, తూర్పున ఐవరీ కోస్ట్. లైబీరియా రాజధాని మన్రోవియా సముద్రం ఒడ్డున ఉంటుంది. ఐవరీ కోస్ట్ సరిహద్దు దగ్గర నింబా అని రాయండి. సియెర్రా లియోన్ తూర్పు కొసన కైలాహున్, దానికి కాస్త పైన వజ్రాల గనులుండే కోనో. చేత్తో గీస్తే ఒక సంగతి మీకే తెలుస్తుంది. కైలాహున్ నుంచి తమ దేశ రాజధాని ఫ్రీటౌన్ చాలా దూరం, లైబీరియా సరిహద్దు మాత్రం పక్కనే. నా విద్యార్థుల్లో సగంమంది ఈ పటం గీసినప్పుడే "ఓహో" అనేవాళ్లు.

ఇక మొదలు. చాలామంది 1989 డిసెంబరు 24న మొదలుపెడతారు, ఆ రోజు టేలర్ నూటికి కాస్త అటూ ఇటూ మనుషులతో ఐవరీ కోస్ట్ నుంచి నింబాలోకి దిగాడు కాబట్టి. నేనూ మొదట్లో అలాగే చెప్పేదాన్ని. ఒక ఏడు ఒక అమ్మాయి లేచి, "మేడం, వందమందితో వస్తే ఊళ్లవాళ్లు తరిమెయ్యలేదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం పదేళ్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. అందుకని మీరు బియ్యం బస్తా దగ్గర మొదలుపెట్టండి.

లైబీరియా వాళ్లు మనలాగే అన్నం తినేవాళ్లు. 1979లో అధ్యక్షుడు విలియం టోల్బర్ట్ ప్రభుత్వం వంద పౌన్ల బియ్యం బస్తా ధరని 22 డాలర్ల నుంచి 30 డాలర్లకు పెంచాలనుకుంది. వంద పౌన్లంటే సుమారు 45 కిలోలు. ఏప్రిల్ 14న జనం మన్రోవియా వీధుల్లోకి వచ్చారు, కాల్పులు జరిగాయి, పదులమంది చనిపోయారు. ఈ ఒక్క అంకె బోర్డు మీద రాసి, "మీ ఇంట్లో బియ్యం బస్తా ధర ఒకేసారి మూడో వంతు పెరిగితే?" అని అడగండి. క్లాసు మొత్తం తల ఎత్తి చూస్తుంది.

దాని వెనక ఇంకో వందేళ్ల పైబడిన కోపం ఉంది. అమెరికాలో బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివాళ్లు 1822 నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. 1847లో స్వతంత్ర దేశంగా ప్రకటించుకున్నారు. జనాభాలో పిడికెడుమందైన వాళ్ల సంతతే, అందులో నూరేళ్లకు పైగా ఒకే పార్టీతో, 1980 దాకా దేశాన్ని ఏలింది. ఆ ఏడు ఏప్రిల్ 12న శామ్యూల్ డో అనే సార్జెంటు తన తోటి సైనికులతో అధ్యక్ష భవనంలోకి చొరబడ్డాడు. టోల్బర్ట్‌ను చంపేశారు. పది రోజుల తర్వాత 13 మంది పెద్ద నాయకుల్ని సముద్రపు ఒడ్డున స్తంభాలకు కట్టి కాల్చారు.

టేలర్ ఈ మార్పు వెంటే లోపలికి వచ్చాడు. 1948లో మన్రోవియాకి దగ్గరలోని ఆర్థింగ్టన్‌లో పుట్టాడు. అమెరికాలో మసాచుసెట్స్‌లో అర్థశాస్త్రం చదివాడు. డో అతన్ని ప్రభుత్వానికి కావలసిన సామాన్లు కొనే శాఖకు పెద్దను చేశాడు. 1983లో సుమారు 9 లక్షల డాలర్లు కాజేశాడని ఆరోపణ వస్తే అమెరికా పారిపోయాడు. అక్కడ 1984లో అరెస్టు చేసి మసాచుసెట్స్‌లోని ప్లిమత్ జైల్లో పెట్టారు. 1985 సెప్టెంబరులో ఆ జైలు నుంచి తప్పించుకున్నాడు.

ఇక్కడ మూడో గడి దగ్గర పెన్ను ఆపండి. ఊచలు కోసి, దుప్పట్లు ముడివేసి దిగారన్నది అప్పట్లో వచ్చిన కథనం. 2009లో తన మీద జరిగిన యుద్ధ నేరాల విచారణలో టేలర్ చెప్పింది వేరు. గార్డే వచ్చి తన గది తలుపు తెరిచాడని, బయట కారు సిద్ధంగా ఉందని, అమెరికా ప్రభుత్వ హస్తం ఉందని అన్నాడు. అది అతని మాట, రుజువైన మాట కాదు. ఇలాంటివి నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాయండి. రుజువైనవి పెన్నుతో. మీకు ఇంకేమీ గుర్తు లేకపోయినా ఈ అలవాటు ఒక్కటి చేసుకోండి, ఈ కథలో పెన్సిలు చాలా అరుగుతుంది.

అక్కడి నుంచి లిబియా. గడాఫీ శిబిరాల్లో శిక్షణ. మూడో గడిలో గడాఫీ పేరు, దాని కింద బుర్కినా ఫాసో అధ్యక్షుడు కంపావొరే పేరు, దాని కింద ఐవరీ కోస్ట్ అధ్యక్షుడు హుఫువె బ్వాన్యి పేరు రాయండి. ఈ మూడో ఆయన సంగతి మన ఊళ్ల రాజకీయం తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. టోల్బర్ట్ కొడుకు ఆయన పెంపుడు కూతురి భర్త. డో మనుషులు ఆ అల్లుడినీ చంపారు. తన సరిహద్దు దాటి డో మీదకి ఎవరైనా పోతామంటే ఆయన ఎందుకు అడ్డం పడతాడు?

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు. 1985 నవంబరులో నింబాకు చెందిన థామస్ క్వివోన్‌పా అనే మాజీ సేనాని డో మీద తిరుగుబాటు చేసి ఓడిపోయాడు. దానికి ప్రతీకారంగా డో సైన్యం నింబాలోని గియో, మానో తెగల జనం మీద పడింది. నాలుగేళ్ల తర్వాత టేలర్ సరిగ్గా ఆ నింబాలోకే దిగాడు. డో సైన్యం మళ్లీ ఆ ఊళ్ల మీదే పడి తగలబెట్టింది. తల్లిదండ్రులు పోయిన కుర్రాళ్లు వచ్చి టేలర్ దళంలో చేరారు. వందమంది వేలమంది అయ్యారు. తర్వాత ఆ దళమే చిన్నపిల్లల చేతికి తుపాకులిచ్చి "స్మాల్ బాయ్స్ యూనిట్" అని పేరు పెట్టింది. నాలుగో గడిలో ఈ పిల్లల్ని రాయండి. వాళ్లు చంపినవాళ్లనూ అదే గడిలో రాయండి. రెండూ రాయడం కష్టంగా ఉంటుంది, అయినా రాయాలి.

1990 సెప్టెంబరులో డో చనిపోయాడు. చంపింది టేలర్ కాదు, అతని నుంచి విడిపోయిన ప్రిన్స్ జాన్సన్ దళం. డోను హింసించడాన్ని వీడియో తీశారు, అందులో జాన్సన్ బీరు తాగుతూ కూర్చుని ఉంటాడు. ఆ వీడియో వెతకకండి. క్లాసులో అసలే చూపించకండి. అది ఉందని చెబితే సరిపోతుంది. ఆ జాన్సన్ తర్వాత నింబా నుంచి సెనేటరుగా మళ్లీ మళ్లీ గెలిచి, 2024లో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడని మాత్రం తప్పకుండా చెప్పండి.

1990 నుంచి 1996 దాకా యుద్ధాన్ని నెల నెలా చదవక్కర్లేదు. ఒప్పందాలు కుదిరాయి, విరిగాయి. నైజీరియా ముందుండి నడిపిన ఎకోమాగ్ అనే పశ్చిమాఫ్రికా దేశాల ఉమ్మడి దళం మన్రోవియాను పట్టుకుని కూర్చుంది. టేలర్ గ్బార్ంగా అనే ఊరు కేంద్రంగా మిగతా దేశాన్ని ఏలాడు, అక్కడ వేరే డబ్బు చెలామణి అయ్యింది. కలప, ఇనుప ఖనిజం, రబ్బరు బయటకు వెళ్లాయి. మూడో గడిలో "కొన్నవాళ్లు" అని రాయండి. అడవిలో కొట్టిన దుంగ యూరప్‌లో బల్ల అవ్వాలంటే మధ్యలో ఓడ కావాలి, బ్యాంకు కావాలి, బిల్లు కావాలి. 1991 మార్చిలో ఫోడే సంకో నాయకత్వంలో ఆర్‌యూఎఫ్ లైబీరియా వైపు నుంచి సియెర్రా లియోన్‌లోకి దిగింది, ఆ దాడిలో టేలర్ మనుషులూ ఉన్నారు. ఇంతవరకూ ఒక్క పేజీలో పట్టించండి.

1997 జులై 19కి మాత్రం ఒక రోజంతా కేటాయించండి. ఆ రోజు ఎన్నికలు జరిగాయి. టేలర్‌కు సుమారు 75 శాతం ఓట్లు వచ్చాయి. రెండో స్థానంలో నిలిచిన ఎలెన్ జాన్సన్ సర్లీఫ్‌కు పది శాతం కూడా రాలేదు. ఆ ఎన్నికల్లో జనం నోట వినపడిన నినాదం: "మా అమ్మని చంపాడు, మా నాన్నని చంపాడు, అయినా నా ఓటు అతనికే."

ఈ వాక్యం చదివి వినిపించగానే క్లాసులో కొందరు నవ్వేవాళ్లు. ఆఫ్రికా వాళ్లకు తెలివి లేదన్న నవ్వు అది. నాకు ఆ నవ్వు వింటే చాలా బాధ కలిగేది. ఒక ఏడు పాఠం ఆపేసి పిల్లల్ని ఒక పని చేయమన్నాను. కళ్లు మూసుకుని, మీరు ఏడేళ్లుగా శిబిరంలో ఉన్న తల్లి అనుకోండి. ఈయన ఓడిపోతే మళ్లీ అడవిలోకి పోయి తుపాకీ పడతాడని మీకు ఖాయంగా తెలుసు. మీకు ఇద్దరు కొడుకులు మిగిలారు. ఇప్పుడు ఓటు వేయండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీ కుర్రాడు ఒకడు, "మేడం, నేను కూడా ఆయనకే వేస్తాను" అని మెల్లగా అన్నాడు. ఆ ఓటు భయంతో ఇచ్చిన లంచం. ఇచ్చినవాళ్లను తప్పుపట్టే హక్కు మనకి లేదు. మూడో గడిలో ఆ తల్లుల పేరు రాయకండి, అంత భయం మధ్య ఎన్నిక పెట్టి చేతులు దులుపుకున్నవాళ్ల గురించి రాయండి.

యుద్ధ నాయకుడు అధ్యక్షుడయ్యాక యుద్ధం ఆగలేదు. సియెర్రా లియోన్‌లో ఆర్‌యూఎఫ్ జనం చేతులు నరికింది. 1999 జనవరిలో ఫ్రీటౌన్ మీద పడింది. ఈ భాగం చెప్పేటప్పుడు ఫోటోలు చూపించొద్దు. తమ్ముడు చెప్పిన ఒక్క సంగతి చెబుతాను. క్యాంపు దగ్గరికి వచ్చే ఒక పెద్దాయనకు రెండు చేతులూ మణికట్టు దాకా లేవు. మనవాళ్లు అన్నం పెడితే ఆయన మనవరాలు, ఆరేడేళ్ల పిల్ల, ముందు ఆయనకు తినిపించి తర్వాత తను తినేది. తమ్ముడు ఈ మాట చెప్పి ఆ పూట కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లోనే, 2000 మేలో, బందీలైన శాంతి సైనికుల్ని విడిపించడానికి మధ్యవర్తిగా నిలబడింది కూడా టేలరే. చాలామంది లైబీరియా మీదుగానే బయటికి వచ్చారు. మా ఇంట్లో అప్పుడు అమ్మ ఆయనకు దండం పెట్టింది, పాపం. తర్వాత న్యాయమూర్తులు చెప్పిందేమిటంటే, పైకి శాంతి చర్చల్లో కూర్చుంటూ లోపల ఆయుధాలు పంపించాడని. ఆ రెండు వాక్యాలూ నోట్‌బుక్‌లో పక్కపక్కనే రాయండి.

2001లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి లైబీరియా వజ్రాల ఎగుమతిని నిషేధించింది. 2003లో కలపను కూడా. ముడి వజ్రాలకు ధ్రువపత్రం ఉండాలన్న కింబర్లీ విధానం 2003లో అమల్లోకి వచ్చింది, మన దేశమూ అందులో ఉంది. ప్రపంచంలో వజ్రాల సానపట్టే పని అత్యధికంగా జరిగేది సూరత్‌లో. మన ఊళ్లో నగల దుకాణంలో ముక్కుపుడక కొనేటప్పుడు రాయి ఎక్కడిదని ఎవరం అడుగుతాం? నేనూ అడగలేదు.

పతనం భాగానికి వచ్చేసరికి అందరూ తిరుగుబాటు దళాల గురించి చదువుతారు. ఉత్తరం నుంచి లర్డ్ అనే దళం, ఆగ్నేయం నుంచి మోడల్ అనే దళం రాజధాని మీదకి వచ్చిన మాట నిజమే. మీరు మాత్రం మన్రోవియా చేపల మార్కెట్ దగ్గరికి వెళ్లండి. 2003లో లేమా బోవీ నాయకత్వంలో క్రైస్తవ, ముస్లిం ఆడవాళ్లు కలిసి తెల్ల బట్టలు కట్టుకుని ఆ మార్కెట్ దగ్గరి మైదానంలో రోజూ ఎండలో, వానలో కూర్చున్నారు. టేలర్ కాన్వాయ్ వెళ్లే దారి అది. చివరికి అతను వాళ్లను పిలిచి మాట్లాడక తప్పలేదు. ఘనాలో చర్చలు సాగదీస్తుంటే వాళ్లు అక్కడికీ వెళ్లి, ఒప్పందం కుదిరేదాకా ఎవరినీ బయటికి పోనివ్వం అంటూ తలుపుల దగ్గర బైఠాయించారు. అందరూ తలుపులు తీసిన కథలో తలుపుకి అడ్డం కూర్చున్నవాళ్లు వీళ్లే. నా నోట్‌బుక్‌లో ఆ వరుస ఎర్ర పెన్నుతో ఉంది.

2003 జూన్ 4న, టేలర్ ఘనాలోని ఆక్రాలో చర్చలకు వచ్చి ఉండగానే, సియెర్రా లియోన్ ప్రత్యేక న్యాయస్థానం అతని మీద నేరారోపణ పత్రాన్ని బయటపెట్టింది. ఘనా అరెస్టు చేయలేదు, విమానం ఎక్కించి పంపేసింది. మళ్లీ మూడో గడి. ఆగస్టు 11న రాజీనామా చేసి, "దేవుడు తలిస్తే తిరిగి వస్తాను" అని చెప్పి నైజీరియాలోని కాలబార్‌కి వెళ్లిపోయాడు. సర్లీఫ్ ఎన్నికల్లో గెలిచి 2006 జనవరిలో అధ్యక్షురాలయ్యింది. మార్చిలో అతన్ని అప్పగించమని అడిగింది. ఉన్నట్టుండి టేలర్ ఇంట్లో కనిపించలేదు. మార్చి 29న కామెరూన్ సరిహద్దులో గంబోరు దగ్గర, దౌత్య నంబరు ప్లేటున్న రేంజ్ రోవర్‌లో దాటబోతూ పట్టుబడ్డాడు. బండిలో నోట్ల సంచులున్నాయి. ఈసారి ఆ తలుపు మూసుకుంది.

తర్వాతి ఏడాది, 2007లో, మన సీఆర్‌పీఎఫ్ మహిళల పోలీసు దళం ఐక్యరాజ్యసమితి తరఫున మన్రోవియా వెళ్లింది. ఐక్యరాజ్యసమితి చరిత్రలో అంతా ఆడవాళ్లే ఉన్న మొదటి పోలీసు దళం అది. అధ్యక్షురాలి కార్యాలయం దగ్గర కాపలా కాసింది. క్లాసులో ఆడపిల్లలకు ఇది చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

ఇక తీర్పు. ఇక్కడే నేను ఏళ్ల తరబడి తప్పు చెప్పాను. "ఆర్‌యూఎఫ్‌ను నడిపించినందుకు టేలర్‌కు శిక్ష పడింది" అని బోర్డు మీద రాసేదాన్ని. ఒక విద్యార్థి తీర్పు సారాంశం ప్రింటు తీసుకుని వచ్చి, "మేడం, కోర్టు అలా అనలేదు" అని చూపించాడు. వాడు చెప్పింది నిజం. 2012 ఏప్రిల్ 26న మొత్తం 11 అభియోగాల్లోనూ దోషి అన్నారు గానీ, నేరాలకు సాయపడి ప్రోత్సహించినందుకు, కొన్ని దాడుల పథకంలో పాలుపంచుకున్నందుకు మాత్రమే. ఆర్‌యూఎఫ్ అతని ఆజ్ఞల కింద నడిచిందని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయింది. తీర్పు 2,500 పేజీల పైనే ఉంటుంది, అంతా చదవక్కర్లేదు. కోర్టులో చదివి వినిపించిన సారాంశం విడిగా ఉంది, అది చదవండి. విచారణలో ఎవరేం మాట్లాడారో మాటకు మాట ఆ న్యాయస్థానం వెబ్‌సైట్‌లో ఉంది. టేలర్ తన తరఫున తానే ఏడు నెలలు సాక్ష్యం చెప్పాడు, అందులో ఒక రోజు భాగం తీసి చదవండి. అతని మాటకారితనం మీకే తెలుస్తుంది. అందరూ గుర్తుపెట్టుకునే ఫ్యాషన్ మోడల్ నయోమీ క్యాంప్‌బెల్ సాక్ష్యం ఒక్క పూట విషయం, దాని మీద సమయం పెట్టకండి.

మే 30న 50 ఏళ్ల శిక్ష వేశారు. 2013 సెప్టెంబరు 26న అప్పీలులోనూ అదే నిలబడింది. ఇప్పుడు ఇంగ్లండులోని ఒక జైల్లో ఉన్నాడు.

చివరిగా, నోట్‌బుక్‌లో ఆఖరి నాలుగు పేజీలు ఖాళీగా వదిలి పైన "లైబీరియా" అని రాయండి. టేలర్‌కు పడిన శిక్ష సియెర్రా లియోన్‌లో జరిగిన నేరాలకు. సొంత దేశంలో జరిగినవాటికి ఏ కోర్టూ అతన్ని విచారించలేదు. అమెరికాలో పుట్టిన అతని కొడుకు చకీ టేలర్‌కు, లైబీరియాలో జనాన్ని చిత్రహింసలు పెట్టినందుకు మయామీ కోర్టు 2009లో 97 ఏళ్లు వేసింది. నింబా తల్లులకు తమ గడ్డ మీద మాత్రం ఇంకా కోర్టు లేదు. 2024 మేలో అధ్యక్షుడు జోసెఫ్ బోకాయ్ యుద్ధ నేరాల న్యాయస్థానం ఏర్పాటు కోసం ఒక కార్యాలయం పెడుతూ ఉత్తర్వు మీద సంతకం చేశాడు. ఆ తేదీని మొదటి ఖాళీ పేజీలో పెన్నుతోనే రాశాను. మిగతా మూడు పేజీలూ ఖాళీగా ఉన్నాయి. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు తమ్ముడు ఆ పుస్తకం తిరగేసి, "ఇంకా ఏమీ రాయలేదేం అక్కా?" అని అడిగాడు.